వన్స్‌మోర్ అన్నవాళ్లూ, కథేదీ అన్నవాళ్లూ

హైదరాబాద్‌లో సినిమా స్టూడియో అనగానే అందరి చూపూ అమీర్‌పేట సారథి మొదలు జూబ్లీహిల్స్ దాకా పడమటి దిక్కుకే పోతుంది. తూర్పున ఉప్పల్ మండలంలో, నాచారం పారిశ్రామిక వాడ పక్కన, ఎన్.టి. రామారావు కట్టుకున్న రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో సంగతి ఆ చుట్టుపక్కల వాళ్లకు తప్ప చాలామందికి తట్టదు. చిన్నతనంలోనే పోయిన పెద్దకొడుకు పేరది. ఆ పేరుతోనే నడిచిన రామకృష్ణ సినీ స్టూడియోస్ బ్యానర్ మీద 1977లో 'దానవీరశూరకర్ణ', 1978లో 'శ్రీరామ పట్టాభిషేకం', 1979లో 'శ్రీమద్విరాటపర్వం' వచ్చాయి. అవన్నీ నాచారంలోనే తీశారని నేననడం లేదు. తెలుగు పద్యనాటకానికి సినిమాలో దొరికిన చివరి పెద్ద ఆసరా ఆ బ్యానరేనని మాత్రం అంటాను. ఇంత దూరం నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. భారతీయ సంగీత దర్శకుడి పాటలు పరదేశపు రంగస్థలం ఎక్కిన ప్రతిసారీ విమర్శకులు ఒక మాట, అభిమానులు ఇంకో మాట అంటున్నారు. ఏ.ఆర్. రెహమాన్ 'బాంబే డ్రీమ్స్' లండన్‌లో, న్యూయార్క్‌లో ఆడినప్పుడూ ఇదే జరిగింది. జపాన్‌లో తకరజుకా వాళ్లు కీరవాణి పాటల 'ఆర్ఆర్ఆర్'ను నాటకంగా ఆడినప్పుడు మాత్రం ఆ చీలిక దాదాపు కనబడలేదు. ఈ తేడాకు కారణం పాటల నాణ్యతలో దొరకదు, విమర్శకుల జాత్యహంకారంలోనూ దొరకదు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు పాట కోసం కథను ఆపి వినే అలవాటు ముందునుంచీ ఉందా లేదా అన్నచోట దొరుకుతుంది. ఈ తగాదా తెలుగువాళ్లకు కొత్తది కూడా కాదు. నూరేళ్ల కిందటే మన రంగస్థలం మీద ఇదంతా నడిచింది.

1872లో సాలార్‌జంగ్ పిలుపు మీద బొంబాయి పార్శీ విక్టోరియా కంపెనీ హైదరాబాద్ వచ్చి ఆడింది. ఆ తర్వాత ధార్వాడ నాటక కంపెనీలు కోస్తా ఊళ్లు తిరిగాయి. వాళ్లను చూసి మనవాళ్లకు నాటకపు పిచ్చి పట్టిందని సాహిత్య చరిత్రలన్నీ చెబుతాయి. కానీ తెలుగు నాటకానికి తనదైన రూపం ఇచ్చింది బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1880లలో ఆయన 'చిత్రనళీయం'తో మొదలైన బాటలో పద్యం రంగస్థలం మీద రాగంతో పాడే వస్తువయింది. అక్కణ్నుంచి ఒక తరం తిరిగేసరికి నటుడు అంటే గాయకుడే అన్నంత దూరం పోయింది. ఉద్యోగ విజయాల రాయబారం సీనుకు, హరిశ్చంద్రుడి కాటిసీనుకు జనం ఊళ్లు దాటి బండ్లు కట్టుకుని వచ్చారు. కథ వాళ్లకు తెలియక కాదు. కృష్ణుడు రాయబారం వెళ్తాడని, సంధి కుదరదని పసిపిల్లలకూ తెలుసు. ఫలానా నటుడు ఫలానా పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో వినడానికి వచ్చారు. నచ్చితే వన్స్‌మోర్ అన్నారు. నటుడు మళ్లీ పాడాడు. చచ్చిపడ్డ పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ చచ్చిన ముచ్చట్లు నాటకాభిమానులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కాంట్రాక్టు నాటకాల కాలానికి వచ్చేసరికి ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు, అంకానికొకరు. కథా ఐక్యత అన్న కొలతతో చూస్తే ఇది ఘోరం. పాట కొలతతో చూస్తే జనం పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం.

దీన్ని ఎదిరించినవాళ్లూ మనలోనే పుట్టారు. బళ్లారి రాఘవ అందరికంటే పెద్ద గొంతుతో ఎదిరించారు. నాటకంలో పాట తగ్గాలని, నటన సహజంగా ఉండాలని, ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని ఆయన వాదించారు. వాదించడంతో ఆగక ఆచరించారు కూడా. ఇంగ్లండ్ వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చిన మనిషి, నాటకమంటే మనిషి మనస్తత్వాన్ని చూపడమని నమ్మినవాడు. ఆ పక్క స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో 'శ్రీకృష్ణ తులాభారం' ఆడుతుంటే హాలు హాలంతా ఊగిపోయింది. 'మీరజాలగలడా' పాట నాటకకర్త రాసింది కాదు, స్థానం తన వేషం కోసం తానే కట్టుకుని చేర్చుకున్నది. నాటకంలో లేని ఆ పాట నాటకాన్నే దాటి బతికింది. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది కూడా ఆ స్థానానికే. రాఘవ చెప్పింది తప్పా? కాదు. ఆయన అడిగిన ప్రశ్న వేరు, జనం డబ్బులిచ్చి కొనుక్కున్న అనుభవం వేరు. రెండూ నిజమే. విదేశీ పత్రికల సమీక్షలు చదువుతున్నప్పుడు గుర్తుంచుకోవలసింది ఇదే.

రామారావు ఈ రెంటి మధ్యా పెరిగారు. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ ఆడవేషం వేయిస్తే మీసం తీయనని మొండికేసి మీసాల నాగమ్మ అనిపించుకున్న కుర్రాడు ఆయన. తర్వాత తన సొంత బ్యానర్ మీద తీసిన పౌరాణికాల్లో ఆయన చేసింది కాంట్రాక్టు నాటకాన్ని తిరగేయడమే. నాటకంలో ఒక కృష్ణుడికి ముగ్గురు నటులుండేవారు. 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఒక్క నటుడే. సినిమా నాలుగు గంటలకు దగ్గరగా నడుస్తుంది. కొండవీటి వెంకటకవి సుయోధనుడికి రాసిన సంభాషణలు మాటలైనా పద్యంలాగే వినపడతాయి. జనం వాటిని పద్యాలలాగే కంఠతా పట్టారు. ఆ సంభాషణల రికార్డులు, క్యాసెట్లు పాటల రికార్డులతో సమంగా ఊళ్లలో మోగాయి. సినిమా వ్యాకరణం ప్రకారం ఆ పొడుగు ప్రసంగాలకు కత్తెర పడాల్సిందే. కత్తెర వేస్తే ఆ సినిమా మిగలదు.

ఇప్పుడు లండన్‌కు పోదాం. 2002 జూన్ 19న అపోలో విక్టోరియా థియేటర్లో 'బాంబే డ్రీమ్స్' మొదలైంది. ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ నిర్మాత, రెహమాన్ సంగీతం, డాన్ బ్లాక్ పాటల మాటలు, మీరా స్యాల్ కథ, స్టీవెన్ పిమ్లాట్ దర్శకత్వం. నృత్యాలు ఆంథనీ వాన్ లాస్ట్‌తో కలిసి ఫరాఖాన్ చేసింది. రెహమాన్‌ను వెబ్బర్‌కు పరిచయం చేసింది శేఖర్ కపూర్. కథ చిన్నది: బొంబాయి మురికివాడ కుర్రాడు సినిమా హీరో కావడం, పెద్దవాడయ్యాక సొంతవాళ్లను మరవడం, తిరిగి రావడం. విమర్శకుల్లో ఎక్కువమంది రంగులను, నీటి ఫౌంటెన్ల మధ్య 'షకలక బేబీ' నృత్యాన్ని మెచ్చుకుని, కథ పలచన అని, మాటలు చప్పన అని రాశారు. రాసింది అబద్ధం కాదు. తెలుగు ప్రేక్షకుడికి ఆ కథ కొత్తగా అనిపించే వీలే లేదు. అయినా ఆ నాటకం రెండేళ్లు ఆడి 2004 జూన్‌లో ఆగింది. వెస్ట్ ఎండ్ గుమ్మం ఎప్పుడూ తొక్కని దక్షిణాసియా కుటుంబాలు ఆ హాలుకు వచ్చాయి. పాటల కోసం వచ్చాయి. 'షకలక బేబీ' మనకు 1999లోనే 'ఒకే ఒక్కడు'లో తెలుసు. 'ఛయ్య ఛయ్య' 'దిల్ సే'ది, తెలుగులో 'ప్రేమతో'గా విన్నాం. ఈ రెంటినీ నాటకంలో మళ్లీ వాడుకున్నారు. 'ఛయ్య ఛయ్య'ను హిందీ మాటల్లోనే ఉంచారు. పత్రికల్లో మెచ్చుకోలు అంతా ఇంచుమించు ఈ రెండు పాటల చుట్టూనే తిరగడం గమనించాలి.

అభిమానుల ఫిర్యాదు వేరేగా ఉంది, నా లెక్కలో అదే పదునైన విమర్శ. రెహమాన్ పాటలు ఏళ్ల తరబడి వింటున్నవాళ్లకు పాత బాణీలు మళ్లీ ఎందుకు, కొత్తవి ఏవి, ఇంగ్లిషు మాటలు ఆ బాణీ మీద ఎందుకు కుదురుగా కూర్చోవడం లేదు అన్నవి ప్రశ్నలు. రెహమాన్ బాణీలో వాయిద్యం, గొంతు, శబ్దం రికార్డింగ్ స్టూడియోలో పొరలు పొరలుగా కలుస్తాయి. రాజ్-కోటి లాంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన రోజుల నుంచీ ఆయన పని స్టూడియోదే. రోజూ రాత్రి పదిపదిహేను మంది వాయిద్యకారులతో, పరిగెత్తుతూ నాట్యమాడుతూ పాడే గొంతులతో ఆ పొరలు నిలవవు. వీటి గురించి మాట్లాడినవాళ్లు సంగీతాన్ని సంగీతంగా విన్నారు. విమర్శకులు సంగీతాన్ని కథకు చేసే సేవగా కొలిచారు. బ్రాడ్‌వే సంప్రదాయంలో, ముఖ్యంగా 1943 నాటి 'ఓక్లహోమా' తర్వాత, పాట కథను ముందుకు తోయాలన్నది నియమం. మన సినిమా పాట కథను ఆపి నిలబెడుతుంది. పద్యం కూడా అంతే. రెహమాన్ బాణీలు నిలబెట్టడానికి కట్టినవి, మీరా స్యాల్ కథ తోయడానికి రాసినది. ఆ నాటకంలో నిజమైన అతుకు అక్కడ ఊడింది.

న్యూయార్క్‌లో దీన్ని సరిచేయాలని చూశారు. 'ఆనీ', 'ప్రొడ్యూసర్స్' రాసిన థామస్ మీహన్ కథను మళ్లీ రాశారు. డేవిడ్ యాజ్‌బెక్ మాటలు చేర్చారు. కోటీ నలభై లక్షల డాలర్ల ఖర్చుతో 2004 ఏప్రిల్ 29న బ్రాడ్‌వే థియేటర్‌లో మొదలై, 284 ప్రదర్శనల తర్వాత 2005 జనవరి 1న మూతపడింది. టోనీ అవార్డుల్లో నృత్యం, దుస్తులు, వాద్యసమ్మేళనం విభాగాల్లో నామినేషన్లు వచ్చాయి, అవార్డు ఒక్కటీ రాలేదు. స్థానిక రుచికి తగ్గట్టు కథను మరమ్మతు చేస్తే విమర్శకులు మెచ్చుతారన్న లెక్క తప్పింది. సమీక్షలు లండన్ కంటే కటువుగానే వచ్చాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురొస్తుంది: తెల్లవాళ్ల పత్రికలకు మన సినిమా అంటే చిన్నచూపు, అందుకే తిట్టారు, దీనికింత సిద్ధాంతం అవసరమా? చిన్నచూపు లేదని నేను చెప్పను. కానీ అదే కారణమైతే లండన్‌లోనూ నాటకం అంతే వేగంగా పడిపోవాలి. లండన్‌లో పడలేదు. 2002 వేసవిలో ఆ ఊరు హిందీ సినిమా మత్తులో ఉంది. సెల్ఫ్రిజెస్ దుకాణం బాలీవుడ్ పండుగ చేసింది, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం భారతీయ సినిమా పోస్టర్ల ప్రదర్శన పెట్టింది, మీరా స్యాల్ అప్పటికే టీవీ హాస్యంతో ఇంటింటికీ తెలిసిన మనిషి. పాట వచ్చినప్పుడు కథను మరిచిపోయి సర్దుకుని కూర్చోవాలన్న అలవాటు ఆ ప్రేక్షకుల్లో కొంతైనా తయారై ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీల్లో మన జనం తక్కువేం కాదు. అయినా బ్రాడ్‌వే టికెట్ కొనే అలవాటు, ఆ హాలును తమదనుకునే ధీమా వాళ్లలో అప్పటికి పుట్టలేదు. ఖరీదు మాటకొస్తే, ఖర్చు ఎక్కువైన నాటకాలు బ్రాడ్‌వేలో చాలానే ఏళ్లకేళ్లు ఆడుతున్నాయి. హాలు నిండకపోతే ఖర్చు కనబడుతుంది.

జపాన్‌లో జరిగినది పక్కన పెట్టి చూస్తే ఈ వాదన ఊహలాగే ఉంటుంది. తకరజుకా ఒసాకా దగ్గరి ఊరు. హాంక్యూ రైల్వే యజమాని కొబయాషి ఇచిజో తన రైలు లైను చివరి ఊరికి ప్రయాణికులు రావాలని 1913లో ఆడపిల్లల నాటక సమాజం పెట్టాడు, మరుసటి ఏడు మొదటి ప్రదర్శన. ఇప్పటికీ నటులందరూ ఆడవాళ్లే. మగవేషాలు వేసే తారలకు అక్కడ దేవతలంత ఆరాధన. నాటకం ఏదైనా చివర పెద్ద మెట్లమీద ఈకల దుస్తుల్లో తార దిగి రావాల్సిందే, కథలో ఆ తార చచ్చిపోయినా సరే. మన చచ్చి లేచిన పద్యనటుడికి వాళ్లు అక్కాచెల్లెళ్లు. వీళ్లకు భారతీయ సినిమా కొత్త కాదు, 2017లో 'ఓం శాంతి ఓం' ఆడారు. 2022 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్' అక్కడ పాతికేళ్లుగా 'ముత్తు' పేరున ఉన్న భారతీయ సినిమా వసూళ్ల రికార్డును దాటేసింది. 2024 జనవరిలో తకరజుకాలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు టోక్యోలో వాళ్ల స్టార్ ట్రూప్ దాన్ని నాటకం చేసింది. తాని తకాయా రాసి నడిపించాడు. కథను భీమ్ వైపు నుంచి చెప్పాడు. రెయ్ మకోతో భీమ్, అకత్సుకి చిసెయ్ రామరాజు. మూడు గంటల సినిమా గంటన్నర పైచిలుకులోకి దిగింది, మిగిలిన సమయానికి వేరే పాటల ప్రదర్శన. మార్చిలో టోక్యోలో చూసిన సినిమా దర్శకుడు రాజమౌళి ఆ ఆడపిల్లల శక్తికి ఆశ్చర్యపోతూ, నూట పదేళ్ల సంస్థ తమ సినిమాను నాటకం చేయడం గౌరవమని రాశారు.

జోడేఘాట్ అడవుల్లో 1940లో చనిపోయిన కొమురం భీమ్ వేషం తెరమీద వేసింది నాచారం స్టూడియో కట్టిన రామారావు మనవడు. తాత తీసిన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర'లో బాలనటుడిగా మొదలైనవాడు. ఆ వేషమే జపాన్‌లో ఒక స్త్రీ వేసింది. స్థానం నరసింహారావుకు చప్పట్లు కొట్టిన ఊళ్లలో ఇది ఎవరికీ వింతగా తోచకూడదు. సినిమాలో దూకుళ్లు, జంతువులు, నీళ్లు, నిప్పు వేదిక మీద ఎలా వస్తాయని అభిమానులు ముందు అడిగారు. చూశాక మాట్లాడుకున్నది ఎవరు ఎలా పాడారు, 'నాటు నాటు' అడుగులు ఎంత వేగంగా పడ్డాయి అన్నదే. కథ కుదించారని గొడవ పెద్దగా లేవలేదు. కథ వాళ్లకు కంఠతా వచ్చు. మన రాయబారం సీనుకు జనం ఎలా వచ్చారో వీళ్లు అలా వచ్చారు.

దీనికి రెండు ఎదురుమాటలున్నాయి. మొదటిది, తకరజుకా అభిమానులు భక్తులు, భక్తులకు ఏదైనా బాగానే ఉంటుంది, ఆ చప్పట్లను సాక్ష్యంగా తీసుకోకూడదని. భక్తి ఉన్నచోట గురి ఉండదనుకోవడం పొరపాటు. పద్యనాటకం అభిమానులు శృతి తప్పితే ఊరుకోలేదు, ఏ నటుడి మోహన రాగం ఎవరికంటే మెరుగో రాత్రంతా వాదించుకున్నారు. రోజూ వచ్చే ప్రేక్షకుడు ఒక్కసారి వచ్చి వెళ్లే సమీక్షకుడికంటే ఎక్కువ పోలికలు చెయ్యగలడు. అతనికి కనబడని లోపాలూ ఉంటాయి, నిజమే. నాటకం ఎంత సన్నగా ఉందో అతనికి చెప్పాలంటే రాఘవలు కావలసిందే. రెండో ఎదురుమాట ఇంకాస్త బలమైనది: కీరవాణి ఆ పాటలు సినిమాకు కట్టారు, రంగస్థలానికి కాదు, కనుక దాన్ని ఆయన నాటకమనడం న్యాయమా? నిజానికి ఈ ప్రశ్న 'బాంబే డ్రీమ్స్'కూ వర్తిస్తుంది, అందులో జనం గుర్తుంచుకున్న రెండు పాటలూ సినిమాలవే. సినిమా కోసం కట్టిన పాటే రంగస్థలానికి సరిగ్గా సరిపోవడం యాదృచ్ఛికం అనిపించదు. మన సినిమా పాట తొలినాళ్లలో పుట్టిందే నాటకం నుంచి. అది పుట్టింటికి వెళ్లింది, అంతే. కాకపోతే ఆ పుట్టిల్లు ఈసారి ఒసాకా పక్కన ఉంది.

నా వాదనకు అడ్డం తగిలే నాటకం కూడా ఒకటుంది, దాన్ని దాటవేయడం సరికాదు. 2006 మార్చిలో టొరంటోలో, 2007 జూన్‌లో లండన్ డ్రూరీ లేన్‌లో ఆడిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నాటకానికి ఫిన్లాండ్ బృందం వార్తినా, క్రిస్టఫర్ నైటింగేల్‌తో కలిసి రెహమాన్ సంగీతం చేశారు. ఇక్కడ సినిమా పాటలు లేవు, పాత బాణీలు లేవు, అంతా వేదిక కోసమే కట్టారు. టొరంటోలో ఆర్నెల్లకే ఆగింది, లండన్‌లో ఏడాది చిల్లర. విమర్శకులు నిడివిని, యంత్రాల హంగును, మూడు పుస్తకాల కథను కుదించడంలో వచ్చిన గందరగోళాన్ని తప్పుపట్టారు. రెహమాన్ అభిమానులకు అందులో రెహమాన్ ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది. కథను కొలిచేవాళ్లకూ పాటను కొలిచేవాళ్లకూ ఇద్దరికీ అసంతృప్తే అయితే, అలవాటు సిద్ధాంతం ఎలా నిలుస్తుంది? జవాబు తర్వాత దొరికింది. 2023లో ఇంగ్లండ్‌లోని న్యూబరీ దగ్గర వాటర్‌మిల్ అనే చిన్న థియేటర్‌లో ఇదే నాటకాన్ని మళ్లీ ఆడారు. సుమారు రెండు వందల సీట్ల హాలు. తిరిగే యంత్రాల వేదిక లేదు, నటులే వాయిద్యాలు వాయిస్తూ ప్రేక్షకుల మధ్య నుంచి, బయట తోటలోంచి పాడుకుంటూ వచ్చారు. ఈసారి సమీక్షకులు మెచ్చారు, అది 2024లో షికాగోకూ ఆక్లాండ్‌కూ వెళ్లింది. పాటలు అవే, కథ అదే. మారింది పాటకూ వినేవాడికీ మధ్య దూరం. హార్మోనియం పక్కనే నిలబడి పద్యం ఎత్తుకున్న నటుడికీ, మొదటి వరుసలో చాపమీద కూర్చున్న రైతుకూ మధ్య ఉన్నంత దూరమే అక్కడ మిగిలింది. టొరంటోలో ఇరవై ఏడెనిమిది మిలియన్ల కెనడా డాలర్లు పెట్టి ఆ దూరాన్ని పెంచారు.